ఎఫెక్టులు తీసేద్దాం, మన ముఖాలు మిగుల్చుకుందాం



ఈ పోస్టు వీడియో ఎడిటింగ్ గురించి. "ఎడిటింగ్ చేసేటోళ్ల గొడవ, మాకెందుకు" అని దాటిపోకండి. వైరా, ఏన్కూరు, కారేపల్లి, కొణిజర్ల, జూలూరుపాడు... ఏ మండలం హాస్టల్లో చూసినా ఫోన్లో నాలుగు క్లిప్పులు కలిపి పాట పెట్టడం రాని పిల్లలు ఇప్పుడు తక్కువ. పండుగైనా, ధర్నా అయినా, పెళ్లయినా సాయంత్రానికల్లా వీడియో గ్రూపులో పడుతుంది. మంచిదే. మన సంగతి మనమే చెప్పుకునే రోజు వచ్చింది. కానీ ఆ వీడియోల్లో మనం ఎంతవరకు మనలాగా కనిపిస్తున్నామో ఒకసారి ఆగి చూసుకోవాలి.

నా మాట సూటిగా చెప్తా. మన పండుగలు, పాటలు, గ్రామసభలు ఎడిట్ చేసే కంప్యూటర్లలో, ఫోన్లలో పేరుకుపోయిన అనవసరపు ఎఫెక్టు ప్లగిన్లను తీసెయ్యాలి. మెషిన్ స్లో అయితదన్నది చిన్న కారణం. అసలు కారణం ఏందంటే, అవి మన మనుషుల రంగును, మన డోలు చప్పుడును, మన చేతిలో ఉన్న రుజువును చెరిపేస్తున్నయి. ఎందుకో, ఎట్ల తీసెయ్యాలో రెండూ రాస్తున్నా. ఓపికగా చదవండి.

ఇవన్నీ ఎట్ల వచ్చి చేరినయి

కొత్తవాళ్ల కోసం ఒక మాట. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌తో పాటు వచ్చే ఎఫెక్టులు కొన్ని ఉంటయి. అవి కాకుండా బయట నుంచి తెచ్చి దానికి తగిలించేవి ప్లగిన్లు. మెరుపులు, పొగ, గ్లిచ్, ముఖం నునుపు చేసేవి, రంగు మార్చేవి, చప్పుడు శుభ్రం చేసేవి, ఒక క్లిప్పు నుంచి ఇంకో క్లిప్పుకు తిరుగుతూ దూకించే ట్రాన్సిషన్లు, అన్నీ ఇట్లనే వస్తయి.

మన ఖమ్మం, కొత్తగూడెం వైపు ఎడిటింగ్ నేర్చుకున్నోళ్లలో చాలామంది పెళ్లి వీడియోల మిక్సింగ్ షాపుల్లో నేర్చుకున్నోళ్లే. తెలుగు నాట పెళ్లి మిక్సింగ్ అంటే ఎడియస్ బాగా నడిచిన సాఫ్ట్‌వేర్. దానితో పాటు పాటకు తగ్గట్టు ముందే కట్టిపెట్టిన ప్రాజెక్టులు హార్డ్ డిస్కుల్లో చేతులు మారుతుంటయి. గులాబీ రేకులు రాలడం, గుండె గుర్తులో జంట ఫొటో తిరగడం, ఆకాశంలో పేర్లు మెరవడం. పెళ్లికి అది బాగుంటది, ఇంటోళ్లు అడుగుతరు, డబ్బులిస్తరు. అది మన తమ్ముళ్ల బతుకుదెరువు. దాన్ని నేను తప్పు పట్టను.

చిక్కు ఎక్కడొస్తదంటే, అదే కంప్యూటర్‌లో, అదే ప్లగిన్లతో, అదే అలవాటుతో కొత్తల పండుగ వీడియో కూడా కడుతున్నం. తీజ్ వీడియోకీ అదే మెరుపు, మేడారం పోయొచ్చిన వీడియోకీ అదే పొగ. ప్లగిన్ ఉంది కాబట్టి వాడుతున్నం, అవసరం ఉండి కాదు. ముందు కొన్ని, తర్వాత ఎవరో పెన్‌డ్రైవ్‌లో తెచ్చిన ఇంకో ప్యాకు, ఆ తర్వాత యూట్యూబ్‌లో దొరికిన ఇంకోటి. ఎవరు ఏది వేశారో ఎవరికీ గుర్తుండదు. సాఫ్ట్‌వేర్ తెరిస్తే ప్లగిన్లు లోడ్ అవుతున్నయని చూపిస్తూ చాయ్ తాగొచ్చేదాకా తెరుచుకోదు.

ముఖం సంగతి

ముఖం నునుపు చేసే ఎఫెక్టు ఎట్ల పనిచేస్తదో తెలిస్తే అది మనకెందుకు పనికిరాదో తెలుస్తది. అది ముందు ముఖం ఎక్కడుందో పట్టుకుంటది. చర్మం అనుకున్న చోట చిన్న చిన్న తేడాలను, అంటే ముడత, మచ్చ, గీత వంటివాటిని, కలిపి మసకచేస్తది. కళ్లు, పెదాల అంచులను మాత్రం వదిలేస్తది. చాలా ప్యాకుల్లో దానితో పాటు చర్మం రంగును కూడా ఒక మెట్టు తెల్లగా చేస్తది.

ఇప్పుడు మన అమ్మమ్మల ముఖాలు తలచుకోండి. నుదుటి మీద, గడ్డం మీద పచ్చబొట్లు. ఆ ప్లగిన్‌కు పచ్చబొట్టు అంటే తెలవదు. మచ్చ అనుకుంటది. తుడిచేస్తది. అమ్మమ్మ చిన్నప్పుడు నొప్పి ఓర్చుకుని పొడిపించుకున్న గుర్తును, ఏ ఊరి పిల్లవో, ఏ ఇంటి పిల్లవో చెప్పే గుర్తును, మనవడు ఒక్క క్లిక్కుతో తీసేస్తున్నడు. తీసేసినట్టు వాడికే తెలవదు. లంబాడా తండాలో పేటియా మీద అద్దాలుంటయి. వాటి మీద గ్లో ఎఫెక్టు వేస్తే అద్దాల మెరుపు పగిలి అంతా తెల్లటి మరక అయితది. కుట్టు పని కనపడదు. నెలల తరబడి కూర్చుని కుట్టిన చేతి పని అది.

రంగు విషయంలో ఇది మనకొక్కరికే జరిగింది కాదు. కోడాక్ కంపెనీ రంగు ఫిల్ము కాలంలో ఫొటో ల్యాబులకు షర్లీ కార్డు అనే ఒక నమూనా బొమ్మ పంపేది. అందులో తెల్లజాతి అమ్మాయి ఉండేది. ఆమె చర్మం సరిగ్గా వస్తే రంగులు సరిగ్గా ఉన్నట్టు లెక్క. నల్లటి మనుషుల ముఖాలు చీకటి ముద్దలాగా వచ్చినా చాలా ఏళ్లు పట్టించుకోలేదు. చాక్లెట్ కంపెనీలు, చెక్క సామాను అమ్మే కంపెనీలు తమ సరుకు గోధుమ రంగు తేడాలు ఫొటోలో సరిగ్గా రావట్లేదని అడిగిన తర్వాత ముదురు రంగులు బాగా పట్టే ఫిల్ము మీద పని జరిగిందని ఈ చరిత్ర రాసినవాళ్లు చెప్తరు. మనుషులు అడిగితే కాలేదు, చాక్లెట్ అడిగితే అయింది. ఇప్పటికీ ఈ లెక్క పూర్తిగా పోలేదు. గూగుల్ 2022లో పది మెట్ల చర్మ రంగుల కొలమానం ఒకటి బయటికి తెచ్చిందంటే, అంతకు ముందున్న కొలతల్లో మనలాంటి రంగులకు చోటు తక్కువని ఒప్పుకున్నట్టే కదా.

ఆ కంపెనీలు ఎక్కడో ఉన్నయి. మన కంప్యూటర్‌లో మన చేత్తో మన నాయనమ్మను తెల్లగా చేసుకోవడం మాత్రం మన పని. దాన్ని ఆపడం కూడా మన చేతిలోనే ఉంది.

చప్పుడు సంగతి

వీడియో అంటే అందరూ బొమ్మనే చూస్తరు. నా లెక్కలో ఎక్కువ నష్టం చప్పుడులో జరుగుతున్నది.

నాయిస్ తీసే ప్లగిన్లు మనిషి మాటను శుభ్రం చేయడానికి తయారైనవి. మాట కానిదంతా దానికి చెత్తే. డోలు మోత లోతైన చప్పుడు, ఎడతెగకుండా వస్తది. గజ్జెల చప్పుడు సన్నగా, వెనక నుంచి వస్తది. కొమ్ము ఊదితే పొడుగ్గా ఒకే గాలి. ఇవన్నీ ఫ్యాను మోత, బండి మోత లెక్కనే ఆ ప్లగిన్‌కు వినిపిస్తయి. దాన్ని నడిపిస్తే పాట పాడే గొంతు మాత్రం మిగులుతది, అది కూడా నీళ్లలోంచి మాట్లాడినట్టు. డోలు లేకుండా మన పాట ఏం పాట? రేలా పాటలో ఒకరు ఎత్తుకుంటే మిగతావాళ్లు అందుకుంటరు. ఆ అందుకునే గొంతులు కూడా దూరంగా ఉన్నయని కోసేస్తది.

ఆ తర్వాత స్పీడు ఎఫెక్టులు. అడుగు పడే చోట స్లో, తిరిగే చోట ఫాస్ట్. చూడటానికి సినిమా లెక్క ఉంటది. కానీ ఆ వీడియో చూసి ఒక పిల్ల అడుగు నేర్చుకోగలదా? దరువు పోయింది, అడుగుకూ దరువుకూ సంబంధం పోయింది. పైన ఇంకో డీజే పాట పెడితే చెప్పేదే లేదు.

బొమ్మలో కూడా ఇట్లాంటివే ఇంకొన్ని. వణుకు తగ్గించే స్టెబిలైజర్ నాలుగు అంచులనూ కొంచెం కోస్తది. కొమ్ము నృత్యంలో తల మీద అడవిదున్న కొమ్ముల కొనలు ఆ అంచులోనే ఉంటయి. రీల్ కోసం నిలువుగా కోస్తే గుండ్రంగా తిరిగే ఆటలో సగం మంది బయటికి పోతరు. అద్దం ఎఫెక్టు వేస్తే ఆట తిరిగే దిక్కు మారిపోతది, పడిగె గుడ్డ మీద బొమ్మల వరస తలకిందులయితది. తర్వాత తరం పిల్లలు అదే నిజమనుకుంటరు. వాళ్లను దిద్దడానికి అప్పుడు పెద్దలుండరు.

ఈ మాట ఊరికే అనట్లేదు. మణుగూరు మండలం కూనవరం డోలు కళాకారుడు సకిని రామచంద్రయ్య తాతకు 2022లో పద్మశ్రీ వచ్చింది. సమ్మక్క సారలమ్మ కథను కోయ భాషలో డోలు మీద పాడిన మనిషి. 2024లో ఆయన కాలం చేశారు. అటు ఆదిలాబాద్ వైపు మర్లవాయి గుస్సాడీ గురువు కనకరాజు తాతకు 2021లో పద్మశ్రీ వచ్చింది. ఆయన కూడా 2024లోనే పోయారు. ఇప్పుడు వాళ్ల గొంతు, వాళ్ల అడుగు వినాలంటే, చూడాలంటే ఉన్న రికార్డింగులే దిక్కు. అట్లాంటి పెద్దలు మన ఊళ్లలో పద్మశ్రీలు లేకుండా ఇంకెంతోమంది ఉన్నరు. వాళ్లను తీసిన వీడియోకు మెరుపులు కలిపి ఎక్స్‌పోర్ట్ చేసి, అసలు క్లిప్పులు ఫోన్లో జాగా లేదని డిలీట్ చేస్తే, ఆ మెరుపులను ఏ సాఫ్ట్‌వేరూ వెనక్కి తీయలేదు. ఎక్స్‌పోర్ట్ అయిన ఫైలులో ఎఫెక్టు అంటే పచ్చడిలో కలిసిన కారం.

హైమెన్‌డార్ఫ్ పేరు మనలో చాలామంది వినే ఉంటరు. 1940లలో మన అడవుల్లో తిరిగాడు. పాపికొండల కొండరెడ్ల మీద ఆయన పుస్తకం 1945లో వచ్చింది. ఆయన తీసిన నలుపు తెలుపు ఫొటోలు, ఫిల్ములు లండన్‌లోని సోయాస్ అనే విశ్వవిద్యాలయంలో ఉన్నయి. ఆయన రాసిన వాటిలో మనం ఒప్పుకోనివి ఉండొచ్చు, ఆయన బయటి మనిషి. అయినా ఆ ఫొటోల్లో మనిషి మనిషిలాగే ఉన్నడు. మెడలో ఏ పూసలున్నయో, ఇంటి తడక ఎట్ల అల్లారో ఇవాళ్టికీ చూసి చెప్పొచ్చు. ఎనభై ఏళ్ల తర్వాత మన మనవళ్లు మనం తీసిన వీడియోల్లో ఏం చూసి చెప్తరు? మన చేతిలో ఆయన కెమెరా కంటే మంచి కెమెరా ఉంది.

రుజువు సంగతి

అటవీ హక్కుల చట్టం 2006 కింద పోడు భూమి, ఉమ్మడి అడవి హక్కుల పని మొదలయ్యేది గ్రామసభలోనే. 2012లో సవరించిన నియమాల ప్రకారం ఆ గ్రామసభకు సగం మంది సభ్యులైనా రావాలి, వచ్చినవాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు ఉండాలి. ఎంతమంది వచ్చారో, ఎవరు మాట్లాడారో తర్వాత గొడవ వస్తే రిజిస్టర్‌తో పాటు వీడియో కూడా ఉపయోగపడొచ్చు. పెద్దల వాంగ్మూలం రాతలో ఉండాలనే నియమం అట్లనే ఉంది, వీడియో దానికి బదులు కాదు. తోడు మాత్రమే. కానీ ఆ తోడు గట్టిగా ఉండాలి కదా.

గ్రామసభ వీడియోకు గ్లిచ్ ట్రాన్సిషన్లు, వెనక సినిమా బీజీఎం, పైన ఫిల్టర్ వేసి గ్రూపులో పెడితే, ఎదుటోడు అడిగే మొదటి మాట "దీన్ని ఎడిట్ చేశారు కదా" అనే. అప్పుడు నీ దగ్గర అసలు ఫైలు లేకపోతే నోరు మూసుకోవాల్సిందే.

చట్టం సంగతి కూడా తెలుసుకోండి. 2024 జులై 1 నుంచి పాత సాక్ష్య చట్టం స్థానంలో భారతీయ సాక్ష్య అధినియమ్ అమలులోకి వచ్చింది. అందులో సెక్షన్ 63 ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డును కోర్టులో పెట్టాలంటే సర్టిఫికెట్ ఉండాలి, అందులో ఆ ఫైలు హ్యాష్ విలువ రాయాలి. హ్యాష్ అంటే ఫైలుకు వేలిముద్ర లాంటిది. ఫైలులో ఒక్క అక్షరం మారినా ఆ నంబరు మొత్తం మారిపోతది. ఎఫెక్టు వేసి ఎక్స్‌పోర్ట్ చేసిన ఫైలు ఇంకో ఫైలు, దాని వేలిముద్ర వేరు. వాట్సాప్‌లో మామూలుగా వీడియో పంపినా అది కుదించబడి వేరే ఫైలే అయితది. డాక్యుమెంట్‌గా పంపితే ఫైలు మారకుండా పోతది. కెమెరాలోనే బ్యూటీ మోడ్ ఆన్‌లో ఉంటే ఇంకా ముందే చెడిపోయినట్టు, అసలు ఫైలే అసలుది కాదు.

క్రాక్ ప్యాకుల సంగతి

ప్లగిన్లు కొంటే ఖరీదు. మనకు అంత స్తోమత లేదు. అందుకే క్రాక్ ప్యాకులు. కంప్యూటర్‌కైతే జిప్ ఫైలు, ఫోన్‌కైతే మోడ్ ఏపీకే. దానితో వచ్చే సూచనల్లో మొదటి లైను గుర్తుందా? "యాంటీవైరస్ ఆఫ్ చేయండి." ఇంటికొచ్చిన చుట్టం కుక్కను కట్టేయమంటే అర్థముంది. తలుపు తాళం కూడా తీసి పెట్టమంటే అనుమానం రావాలి కదా.

స్టాప్ డీజేవీయూ అనే రాన్సమ్‌వేర్ ప్రపంచమంతా ఎక్కువగా ఇట్లాంటి క్రాక్ సాఫ్ట్‌వేర్ల ద్వారానే పాకింది. అది కంప్యూటర్‌లోని ఫొటోలు, వీడియోలు, డాక్యుమెంట్లకు తాళమేసి డబ్బులడుగుతది. పెళ్లి షాపులో అది పడితే కస్టమర్‌కు సర్దిచెప్పుకోవచ్చు. మన సంఘం కంప్యూటర్‌లో పడితే ఊళ్ల పాటలు, పట్టా కాగితాల స్కానులు, విద్యార్థుల సర్టిఫికెట్లు అన్నీ ఒక్క రాత్రిలో పోతయి. ఒక నిప్పురవ్వ ఎఫెక్టు కోసం అంత పణంగా పెట్టడం తెలివైన పని కాదు.

యాప్‌లను నమ్ముకుంటే ఏమైతదో కూడా చూశాం. 2020 జూన్ 29న కేంద్రం 59 యాప్‌లను నిషేధించింది. టిక్‌టాక్‌తో పాటు వివా వీడియో అనే ఎడిటింగ్ యాప్ కూడా ఆ జాబితాలో ఉంది. అసలు క్లిప్పులు దాచుకున్నోళ్లు ఇంకో యాప్‌లో కట్టుకున్నరు. టిక్‌టాక్‌లో పెట్టినవే తప్ప వేరే కాపీ లేనోళ్ల వీడియోలు చేయి దాటిపోయినయి. యాప్ పోతది, టెంప్లేట్ పోతది. అసలు క్లిప్పు ఒక్కటే మనది.

"ఎఫెక్టు లేకపోతే ఎవడు చూస్తడు?"

ఈ మాట తప్పకుండా వస్తది. న్యాయమైన మాటే. రీల్ మొదటి రెండు సెకన్లలో కన్ను పట్టకపోతే వేలు పైకి తోసేస్తది. మన పిల్లలు మేం కూడా ఎవరికీ తీసిపోమని చూపించుకోవాలనుకుంటరు. పట్నం పిల్లలు వాడే ఎఫెక్టు మనం వాడితే తప్పేంది అంటరు. తప్పు లేదు. పుట్టినరోజుకు వాడుకో తమ్మీ, పెళ్లికి వాడుకో, క్రికెట్ టోర్నమెంటుకు వాడుకో.

కానీ ఒకటి ఆలోచించు. అందరూ వాడే ఎఫెక్టు వాడితే మన వీడియో అందరి వీడియోల్లో కలిసిపోతది. కొమ్ములు కట్టుకుని డోలు కొడుతూ తిరిగే ఆట ప్రపంచంలో ఇంకెన్ని చోట్ల ఉంది? తలల మీద గోధుమ మొలకల బుట్టలు పెట్టుకుని ఆడపిల్లలు పాడుకుంటూ పోయే తీజ్ ఇంకెక్కడుంది? కన్ను పట్టేది ఆ ఆటలోనే ఉంది, ఆ మొలకల పచ్చదనంలోనే ఉంది. సినిమా రంగు వేసి ఆ పచ్చను నీలం చేస్తే పట్టేది పోయింది, మామూలు రీల్ మిగిలింది. దగ్గరికి పోయి తీయడం, కదలకుండా పట్టుకోవడం, వెలుతురు ఎటు ఉందో చూసుకోవడం, చప్పుడు బాగా వచ్చే చోట నిలబడటం... వీటికి ప్లగిన్ లేదు, అభ్యాసమే.

ఇంకో మాట కూడా వస్తది. "సాఫ్ట్‌వేర్ తెచ్చింది ఒకరు, తీసెయ్యమనడానికి నువ్వెవడివి" అని. వ్యక్తిగత కంప్యూటర్ ఎవరిది వాళ్లిష్టం. సంఘం డబ్బులతో కొన్నది, సంఘం పని చేసేది మాత్రం అందరిదీ. దాని మీద అందరం మాట్లాడాలి.

తీసెయ్యడం ఎట్ల

1. తొందరపడి ఏదీ డిలీట్ చెయ్యొద్దు. పాత ప్రాజెక్టుల్లో ఏ ప్లగిన్ వాడారో అది పోతే, ఆ ప్రాజెక్టు తెరిచినప్పుడు ఎఫెక్టు దొరకట్లేదని చూపిస్తది. కాబట్టి ఇంకా అవసరమున్న పాత ప్రాజెక్టులను ముందు ఎక్స్‌పోర్ట్ చేసి పెట్టండి. అసలు క్లిప్పులను వేరే హార్డ్ డిస్కులోకి కాపీ చేయండి.

2. ఒక నోట్‌బుక్ తీసుకుని ఎఫెక్టుల జాబితా రాయండి. ఏది వాడుతున్నాం, ఏది వాడట్లేదు, ఏది కొన్నది, ఏది క్రాక్. ఎవరికీ గుర్తులేనిది వాడనిదనే లెక్క.

3. విండోస్‌లో సెట్టింగ్స్‌లోకి పోయి యాప్స్ జాబితాలో ఆ ప్లగిన్ పేరు కనిపిస్తే అక్కడి నుంచే అన్‌ఇన్‌స్టాల్ చేయండి. ఇదే శుభ్రమైన దారి. క్రాక్ ప్యాకులు చాలావరకు ఈ జాబితాలో కనిపించవు, ఫోల్డర్‌లో కాపీ చేసి పెట్టి ఉంటయి.

4. అట్లాంటివాటి కోసం ఫోల్డర్లు చూడాలి. ప్రీమియర్ ప్రో ప్లగిన్లు సాధారణంగా ప్రోగ్రామ్ ఫైల్స్‌లో అడోబీ, దాని లోపల కామన్, దాని లోపల ప్లగిన్స్ ఫోల్డర్‌లో ఉన్న మీడియాకోర్‌లో ఉంటయి. డావిన్సీ రిజాల్వ్ వంటివి వాడే ఓఎఫ్‌ఎక్స్ ప్లగిన్లు ప్రోగ్రామ్ ఫైల్స్‌లో కామన్ ఫైల్స్, దాని లోపల ఓఎఫ్‌ఎక్స్, దాని లోపల ప్లగిన్స్ ఫోల్డర్‌లో ఉంటయి. సాఫ్ట్‌వేర్ మూసేసి, వద్దనుకున్న ఫోల్డర్‌ను ముందు డెస్క్‌టాప్ మీదికి జరపండి. రెండు మూడు రోజులు పని చేసి చూడండి. ఏ ఇబ్బందీ లేకపోతే అప్పుడు పూర్తిగా డిలీట్ చేయండి. క్రాక్ ప్యాకయితే మాత్రం దాచిపెట్టకండి, అప్పుడే తీసేసి యాంటీవైరస్ ఆన్ చేసి మొత్తం స్కాన్ చేయండి.

5. రిజాల్వ్‌లో ఇంకో తేలిక దారి ఉంది. ప్రిఫరెన్సెస్‌లో సిస్టమ్ కింద వీడియో ప్లగిన్స్ అనే పేజీలో జాబితా ఉంటది. వద్దన్నదానికి టిక్ తీసేస్తే చాలు.

6. తీసేసిన తర్వాత కూడా ప్రీమియర్‌లో పాత పేర్లు కనిపిస్తే, అది పాత జాబితాను గుర్తుపెట్టుకున్నట్టు. వెర్షన్‌ను బట్టి షిఫ్ట్ కానీ ఆల్ట్ కానీ నొక్కి పట్టుకుని ప్రీమియర్ తెరిస్తే ప్లగిన్ క్యాష్‌ను కొత్తగా తయారు చేయించే వీలుంటది.

7. ప్లగిన్ ఉంచుకుంటూ, టైమ్‌లైన్‌లో వేసిన ఎఫెక్టులు మాత్రం తీయాలంటే, క్లిప్పులన్నీ సెలెక్ట్ చేసి రిమూవ్ ఆట్రిబ్యూట్స్ వాడండి. ప్రీమియర్‌లోనూ రిజాల్వ్‌లోనూ ఉంది. ఒక్కో క్లిప్పు మీద కూర్చుని తీయక్కర్లేదు.

8. ఫోన్‌లో కెమెరా సెట్టింగుల్లోకి పోయి బ్యూటీ, ఫిల్టర్ రెండూ ఆఫ్ చేయండి. ముఖ్యంగా సెల్ఫీ కెమెరాలో. మోడ్ ఏపీకేలు తీసేయండి. ఎడిటింగ్ యాప్‌లో డౌన్‌లోడ్ అయిన ఎఫెక్టు ప్యాకులను ఆ యాప్ లోపలి స్టోర్‌లో మన జాబితాలోకి పోయి తీసేయొచ్చు.

డబ్బులు పెట్టకుండా, క్రాక్ లేకుండా పని జరగాలంటే రిజాల్వ్‌లో ఉచిత వెర్షన్ ఉంది. మెషిన్ చిన్నదైతే షాట్‌కట్, కేడెన్‌లైవ్ ఉన్నయి. ఈ రెండూ ఉచితమే, వాటి కోడ్ కూడా అందరికీ తెరిచి ఉంటది. కోయడం, అతికించడం, వెలుతురు సర్దడం, చప్పుడు ఎక్కువ తక్కువ చేయడం, పేరు రాయడం. మన పనికి ఈ ఐదు చాలు.

నేను అడిగేది

పెళ్లి పని చేసే తమ్ముళ్లు వాళ్ల ఎఫెక్టులు వాళ్ల మెషిన్లలో ఉంచుకోనియ్యండి. సంఘం వీడియోలకు మాత్రం నాలుగు మాటలు అనుకుందాం. అసలు క్లిప్పును ఎవరూ డిలీట్ చేయకూడదు, ఊరు, తేదీ, పాడినవాళ్ల పేరు రాసి రెండు చోట్ల దాచాలి. మనిషి చర్మం రంగు మార్చకూడదు. డోలు ఉన్న చోట నాయిస్ ప్లగిన్ వాడకూడదు, పైన ఇంకో పాట పెట్టకూడదు. గ్రామసభ వీడియో అయితే కోయకుండా, అతికించకుండా మొత్తం ఉంచాలి.

కోయ భాష, మన గోర్ బోలీ రెండూ రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్లో లేవు. బడి పుస్తకాల్లో వాటికి దొరికిన చోటు చాలా తక్కువ. ఆటోమేటిక్ సబ్‌టైటిల్ నడిపిస్తే మన మాటను ఏదో తెలుగు మాటగా తప్పుగా రాస్తది. అంటే మన మాటను దాచిపెట్టే పని ఎక్కువగా ఈ రికార్డింగుల మీదనే పడింది. అవ్వ పాడిన పాట అవ్వ గొంతులో, అవ్వ ముఖంతో, అవ్వ పచ్చబొట్టుతో ఉండాలి.

ఈ ఆదివారం సంఘం కంప్యూటర్ ముందు కూర్చుందాం. ఎడిటింగ్ వచ్చినోళ్లు ప్లగిన్ల జాబితా తెండి, రానోళ్లు హార్డ్ డిస్కు తెండి. ఏది ఉంచాలి, ఏది తీయాలి అందరం కలిసి తేల్చుకుందాం. ఒప్పుకోనోళ్లు కూడా రండి, మీ మాట కూడా వినాలి. మీ ఊళ్లో పాడే పెద్దలెవరైనా ఉంటే వాళ్ల పేరు కింద రాయండి. ముందు వాళ్ల దగ్గరికి పోయి, ఏ ఎఫెక్టూ లేకుండా, పాట మొత్తం తీసుకొద్దాం.